చేతులు కట్టి నిలబెట్టిన సాయంత్రాలు

కుట్టు షాపు నుంచి,
ఫిబ్రవరి 11

అన్నయ్యా,

ఆరేళ్ళ తర్వాత రాస్తున్నాను. ఎలా ఉన్నావని అడగను. అడిగితే రెండు పేజీలు మోకాళ్ళ గురించి, నాలుగు పేజీలు బాక్సింగ్ సంఘం సెక్రటరీ గురించి రాస్తావు. ఫోను చేద్దామంటే, నచ్చని మాట వినపడగానే నీ చెవులు పనిచెయ్యడం మానేస్తాయి. అందుకే కాగితం.

సంగతి చెప్పేస్తాను. మా ఆయన మా అమ్మాయికి, అదే మన పిడుగుకి, బాక్సింగ్ నేర్పుతున్నారు. నువ్వు చివరిసారి చూసినప్పుడు స్కూలు బ్యాగు మోస్తూ ఉండేది, ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. కాలేజీ జట్టులో ఉంది. జూన్‌లో మొదటి పెద్ద పోటీ. అక్కడ కోచ్ మేడమ్ ఉంది, నెమ్మదైన మనిషి, శ్రద్ధగా నేర్పుతుంది. అది చాలదట ఈయనకి. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే ముందుగదిలో కుర్చీలు పక్కకి లాగేస్తారు. సుద్దముక్కతో నేల మీద వలయం గీస్తారు. పిల్లని అందులో నిలబెట్టి, రెండు చేతులూ వెనక్కి విరిచి తువ్వాలుతో కడతారు. తను గ్లవ్స్ వేసుకుని "తప్పించుకో" అంటూ ముఖానికి గురిపెట్టి కొడతారు.

ఈ పద్ధతి ఎవరి హాల్లో పుట్టిందో నీకు చెప్పక్కర్లేదు.

రెండో సంగతి. ఆయనకి జ్ఞాపకం చెడిపోతోంది. కోపం వస్తే పేర్లు మర్చిపోవడం అందరికీ ఉంటుంది, అది కాదు. పోయిన నెల నాకు క్యారేజీ తెచ్చారు. షాపు గుమ్మంలో నిలబడి, కత్తెర పట్టుకున్న నన్ను చూసి, "ఏవండీ, ఈ వీధిలో కుట్టు షాపు ఎక్కడుందండీ?" అన్నారు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నా మాట వినరు. పిల్ల చేతులు కట్టొద్దంటే, "మాస్టారు నాకిలాగే నేర్పారు. ముప్ఫై ఒక్క పోటీలు ఆడాను. నా ముఖం మీద ఒక్క మచ్చ చూపించు" అంటారు. నువ్వంటే వింటారు. ఒక్క ముక్క రాయి. "పిల్ల చేతులు కట్టకు" అని, అంతే. ఇంకేం అడగను.

నీ చెల్లెలు

&nbsp;

వాచీల కొట్టు పైన, మేడమీద గది,
ఫిబ్రవరి 19

చెల్లాయ్,

నీ కవరు కింద వాచీలాయన స్వయంగా పైకి తెచ్చాడు. పెన్షన్ ఆఫీసుది కాదని చూసి, "మీకూ ఉత్తరాలొస్తాయా మాస్టారూ!" అన్నాడు. పాపం మెట్లెక్కి వచ్చాడు కదా, కూర్చోమని స్టూలు జరిపాను. కొట్టులో ఎవరో వచ్చారని దిగిపోయాడు. ఎవరూ రాలేదు. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది.

ముందు ఆ ఆరేళ్ళ సంగతి తేలుద్దాం. నీ షాపు తెరిచిన రోజు నేనన్నది ఒకే మాట. పెళ్ళయ్యాక వాడి కాళ్ళు బరువెక్కాయని. అది నింద కాదు, తూకం. తూకపు యంత్రం అదే మాట చెబితే దానితో కూడా ఆరేళ్ళు మాట్లాడటం మానేస్తావా?

ఇక నువ్వడిగిన ముక్క. రాయను.

నా జీవితంలో నిలబడ్డ పని అదొక్కటే. ఆ రోజుల్లో ఇంకో కోచ్ ఉండేవాడు, గుర్తుందా, ఎద్దు అనేవాళ్ళం. చేతులు ముఖానికి అడ్డం పెట్టి, దెబ్బలు వాటి మీద తిని, తర్వాత తిరిగి కొట్టమనేవాడు. అదీ ఒక విద్యేనా? తలుపు మూసుకుని ఇంట్లో కూర్చోవడాన్ని యుద్ధం అంటారా? అయినా సెక్రటరీ పెద్ద జట్టు తీసుకెళ్ళి వాడి చేతుల్లోనే పెట్టాడు. నా వాళ్ళని పత్రికవాడొకడు 'పారిపోయే వీరులు' అని రాశాడు. ఆ ముక్క కత్తిరించి దాచాను. ఎద్దు, సెక్రటరీ, పత్రికవాడు, ముగ్గురూ పోయారు. పోయారు కదా అని నేను క్షమించలేదు.

వాళ్ళందరికీ నా జవాబు నీ మొగుడు. వాణ్ణి కొడితే చెయ్యి గాలికి తగిలేది. అందుకే జనం 'గాలి' అన్నారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, ఓడిపోయిన వాళ్ళు పెట్టింది.

తల తప్పించడమంటే మెడతో చేసే పని అనుకుంటారు మూర్ఖులు. అది మోకాళ్ళ పని. మోకాలు కొద్దిగా మడిస్తే తల దానంతటదే దెబ్బ దారిలోంచి తప్పుకుంటుంది. ఎంత? పిడికిలి వెడల్పు. అంతకంటే ఎక్కువ కదిలేవాడు భయపడ్డవాడు, తక్కువ కదిలేవాడు మొద్దు. గ్లవ్స్‌ని చూడకూడదు, అవి అబద్ధమాడతాయి. ఎదుటివాడి మెడ కింద ఎముక మీద చూపు పెట్టాలి. దెబ్బ బయల్దేరకముందే భుజం చెప్పేస్తుంది. తిన్నగా వెనక్కి వంగితే మాత్రం అయిపోయినట్టే, రెండో దెబ్బ వెతుక్కుంటూ వస్తుంది.

చేతులు ఎందుకు కట్టడమంటావా? చేతులున్నంతసేపూ మనిషి వాటి వెనక దాక్కుంటాడు. ఇక అవి లేవని తెలిశాకే తల మేలుకుంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నేను చదవని పుస్తకం లేదు కాబట్టి చెబుతున్నాను.

మన ఇంటి ఆడపిల్ల ఆ వలయంలో నిలబడిందని చదివి, చాలా రోజుల తర్వాత లేచి గదిలో అటూ ఇటూ నడిచాను. వేరే కాగితం మీద పదకొండు సూత్రాలు రాసి పెట్టాను. పిడుగుకి ఇవ్వు.

వాడి మతిమరుపు అంటావా, నాకూ కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండదు. వయసు.

అన్నయ్య

&nbsp;

కుట్టు షాపు నుంచి,
మార్చి 16

అన్నయ్యా,

నిప్పు ఆర్పమంటే కిరసనాయిలు పంపావు.

నేను కవరు దాచేలోపే ఆయన చూసేశారు. "మాస్టారి రాత!" అని పదకొండు సూత్రాలూ గోడకి అతికించారు. గది అడ్డంగా తాడు కూడా కట్టారు. దాని కింద నుంచి పిల్ల తల వంచుకుంటూ అటూ ఇటూ నడవాలి. తాడుతో నాకు పేచీ లేదు, అది ఎవర్నీ కొట్టదు. కానీ మునుపు అరగంట ఉండే ఆ దెబ్బల పాఠం ఇప్పుడు గంటన్నర. మొన్న పిల్లకి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కాలేజీలో బస్సు మెట్టు మీద జారానని చెప్పిందట. అబద్ధాలు కూడా నేర్చుకుంటోంది, ఇంట్లోనే పాఠశాల ఉంది కాబట్టి.

ఆయన్ని డాక్టరమ్మకి చూపించాను. తలకి ఏవేవో ఫోటోలు తీయించారు. ఆవిడ వాటిని వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఈయన తలకి ఎన్ని దెబ్బలు తగిలుంటాయమ్మా?" అంది.

నేను ఎంత గర్వంగా చెప్పానో తెలుసా? "ఒక్కటీ తగల్లేదండీ. ఈయన్ని గాలి అనేవాళ్ళు" అన్నాను. పక్కన ఆయన తల ఊపారు, కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతూ. డాక్టరమ్మ కాసేపు మా ఇద్దర్నీ చూసి, నెమ్మదిగా, "పోటీల్లో సంగతి కాదమ్మా. నేర్చుకునేటప్పుడు?" అంది.

నాకేం తెలుసు? నేను ఆ హాలుకి వచ్చేది అన్నం క్యారేజీ ఇవ్వడానికి. తలుపు దగ్గర నుంచే వెళ్ళగొట్టేవాడివి. లోపల ఏం జరిగేదో నీకు తెలుసు.

ఎన్ని, అన్నయ్యా?

నీ చెల్లెలు

&nbsp;

మేడమీద గది,
ఏప్రిల్ 2

చెల్లాయ్,

ఆ డాక్టరమ్మ ఎప్పుడైనా రింగు తాడు పట్టుకుందా? ఫోటోలు చూసి మనిషి చరిత్ర చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను. మెదడు గురించి నాలుగు లావుపాటి పుస్తకాలు నేనూ చదివాను. రక్తపోటు వల్ల మతిమరుపు రావచ్చు. నిద్ర చాలక రావచ్చు. వంశంలో ఉంటే రావచ్చు. వాడి తండ్రి చివరి రోజుల్లో ఎలా ఉండేవాడో కనుక్కో.

ఎద్దు దగ్గర నేర్చుకున్నవాడొకడు మొన్న కింద కొట్టుకి గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చాడు. ముక్కు అరిగిపోయిన చెప్పులా ఉంది. చెవులు రెండూ ముడుచుకుపోయాయి. నన్ను గుర్తుపట్టి పైకి వచ్చి గంటసేపు కూర్చున్నాడు. నా వాళ్ళందరి పేర్లూ, ఏ పోటీలో ఎవరు గెలిచారో, ఆ రోజు వాన పడిందో లేదో, అన్నీ చెప్పాడు. వాడికి అరవై దాటాయి.

ఆ సంగతి ఎందుకు రాశానో తెలీదు. వాడు వెళ్ళాక గదిలో బాగా నిశ్శబ్దంగా ఉంది.

నేర్చుకునేటప్పుడు తగిలినవి దెబ్బలు కావు. పాఠాలు. ఈ తేడా తెలియనివాళ్ళకి నేను జవాబు చెప్పను. పిల్ల కంటికి ఐసు పెట్టు.

అన్నయ్య

&nbsp;

కాలేజీ ప్రాక్టీసు హాలు మెట్ల మీద,
ఏప్రిల్ 14

మామయ్యగారికి,

మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు పదమూడేళ్ళు. "బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి మూస్తావేంటే, విరుగుతుంది" అన్నారు. మన మధ్య ఇప్పటిదాకా జరిగిన సంభాషణ అంతే. కాబట్టి ఈ ఉత్తరం చూసి కంగారు పడకండి. అమ్మ కవరు మీద మీ చిరునామా చూసి రాసుకున్నాను. అమ్మకి చెప్పకండి.

మీ పదకొండు సూత్రాలూ చదివాను. ఏడోది మా కోచ్ మేడమ్‌కి చెబితే, "ఎవరే రాసింది? కోపిష్ఠి మనిషిలా ఉన్నాడు కానీ పని తెలిసినవాడు" అన్నారు. సంతోషించండి.

మీతో ఒక్కరితోనే చెప్పదగ్గ సంగతి ఒకటుంది. తప్పుకోవడం నాకు వచ్చు మామయ్యా. బాగా వచ్చు. జట్టులో నా ముఖం అందుకోవడం కష్టమని అందరూ ఒప్పుకుంటారు. నాన్న దెబ్బ నాకు ఎప్పుడో కనిపిస్తుంది, మీరు రాసినట్టే, భుజం దగ్గరే. ఆయన దెబ్బలు ఇప్పుడు చాలా నిదానం.

మొదటి వారంలో ఒకరోజు ఆయన గట్టిగా విసిరారు. నేను మోకాలు మడిచి పిడికిలి వెడల్పు తప్పుకున్నాను. చెయ్యి నా చెవి పక్క నుంచి వెళ్ళిపోయింది. దాని వెనకాలే నాన్న కూడా వెళ్ళిపోయారు. ఆగలేకపోయారు. బీరువాకి నుదురు కొట్టుకుని కింద పడ్డారు. నా చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. పట్టుకోలేకపోయాను. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని "నాన్నా నాన్నా" అనడం తప్ప ఏం చెయ్యలేకపోయాను.

అందుకని అప్పట్నుంచి ఆయన గట్టిగా కొట్టినప్పుడు నేను తప్పుకోవట్లేదు. నా ముఖానికి ఆనితే ఆయన నిలబడతారు. ఎడమ కన్ను సంగతి అదీ. నాకు ఇంకా రాలేదనుకుని ఆయన "మళ్ళీ ఇంకో ఇరవై" అంటారు. అమ్మేమో నాకు చేతకావట్లేదని ఏడుస్తుంది.

మానెయ్యొచ్చు కదా అంటారేమో. ఆ గంటన్నరా ఆయనకి అన్నీ గుర్తుంటాయి మామయ్యా. నేనెవరో, జూన్‌లో పోటీ ఎన్నో తారీఖో, మీరు ఏ చేత్తో ఈల వేసేవాళ్ళో. వలయంలోంచి బయటికి వచ్చాక, మంచినీళ్ళు తాగుతూ, "మీ ఇల్లు ఎక్కడమ్మా, చీకటి పడుతోంది, జాగ్రత్తగా వెళ్ళు" అంటారు.

ఈ మధ్య పొద్దున లేవగానే తల బరువుగా ఉంటోంది. క్లాసులో ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. పరీక్షల టెన్షనేమో.

నా ప్రశ్న ఇది. మనం తప్పుకుంటే ఎదుటి మనిషి పడిపోతాడని తెలిసినప్పుడు ఏం చెయ్యాలి? మీ పదకొండింటిలో అది లేదు.

మేనకోడలు

&nbsp;

మేడమీద గది,
ఏప్రిల్ 20

చెల్లాయ్,

పిల్ల నాకు రాసింది. ఏం రాసిందని అడక్కు, చెప్పనని దానికి మాటిచ్చినట్టే. కానీ ఈ ఉత్తరం అందిన రోజు నుంచి దాన్ని ఆ వలయంలోకి వెళ్ళనివ్వకు. అడ్డం పడుకునైనా ఆపు. వీలైతే దాన్ని కూడా ఆ డాక్టరమ్మకి చూపించు.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు నా మంచం కింద పెట్టెలో ఉంది. అది అక్కడుందని నీ మార్చి ఉత్తరం చదివిన రోజే నాకు తెలుసు. నాలుగు రోజుల క్రితం బయటికి తీశాను.

నల్ల అట్ట నోటుబుక్కు. ప్రతి సాయంత్రం రాసేవాణ్ణి. తారీఖు, ఎన్ని రౌండ్లు, గాలి ముఖానికి ఎన్ని తగిలాయి. చేతులు కట్టి నిలబెట్టి, ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు కుర్రాళ్ళతో కొట్టించేవాణ్ణి. నేను పక్కన స్టూలు మీద కూర్చుని గీతలు పెట్టేవాణ్ణి. మొదటి నెలలో ఒక సాయంత్రానికి నలభై మూడు. నలభై ఒకటి. ముప్ఫై తొమ్మిది. చూడు చెల్లాయ్, తగ్గుతున్నాయి. తగ్గుతున్నాయని నేను ఎంత పొంగిపోయానో పక్కనే రాసుకున్నాను కూడా: "బాగుపడుతున్నాడు." మూడేళ్ళు పట్టింది. మూడో ఏడాది చివర, సాయంత్రానికి రెండు, ఒకటి. ఒకరోజు సున్నా. ఆ సున్నా చుట్టూ ఎర్ర సిరాతో గీశాను.

ఆ సున్నా కోసం వెనక పేజీల్లో ఎన్ని ఖర్చయ్యాయో ఎప్పుడూ కూడలేదు. ఇప్పుడు లెక్కవేశాను. పన్నెండు వేలు దాటాక ఆపేశాను. ఇంకా చాలా పేజీలున్నాయి.

ముప్ఫై ఒక్క పోటీలన్నిట్లో కలిపి వాడి తలకి తగిలినవి అరవై ఉండవు. నేను లోకానికి చూపించింది ఆ అరవై. ఒక పేజీలో ఇలా ఉంది: "గాలి పడ్డాడు. రెండు నిమిషాలు లేవలేదు. నీళ్ళు కొట్టి మళ్ళీ నిలబెట్టాను. తర్వాత బాగా తప్పించాడు." తర్వాత బాగా తప్పించాడట. ఆ రాత నాదే.

ఎద్దు తన వాళ్ళకి చేతులు వాడుకోనిచ్చాడు. నేను ఆ చేతులు కట్టేశాను. నలభై ఏళ్ళుగా వాణ్ణి తిట్టిన తిట్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

దీంతో పాటు వాడికి ఒక కాగితం పెడుతున్నాను. నువ్వే చదివి వినిపించు.

అన్నయ్య

&nbsp;

(ఆ కవరులోనే)

ఒరేయ్ గాలీ,

మాస్టారు రాస్తున్నాను. చేతులు కట్టి ముఖానికి కొట్టి నేర్పడం తప్పు. నేను నీకు నేర్పిన పద్ధతి తప్పు. నీకు ఇప్పుడు దారి గుర్తుండకపోవడానికి అదే కారణం అయ్యుండొచ్చు. పిల్లకి అలా నేర్పకు. గోడ మీద కాగితం చించెయ్యి. ఇది నా ఆజ్ఞ అనుకో, బతిమాలడం అనుకో.

మాస్టారు

&nbsp;

కుట్టు షాపు నుంచి,
మే 3

అన్నయ్యా,

ఆ నోటుబుక్కు సంగతి చదివాక ఒక రోజంతా షాపు తెరవలేదు. నిన్ను ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకున్నప్పుడు రాస్తాను. అది తర్వాత.

నీ కాగితం ఆయనకి చదివాను. మొదట చేతులు కట్టుకుని విన్నారు. "తప్పు" అన్న మాట రాగానే కాగితం లాక్కుని తిరగేసి చూశారు. "ఇది మాస్టారి రాత కాదే. ఎవరో దొంగ రాత రాశారు. మాస్టారు చచ్చినా ఇలాంటి మాట రాయరు. ఆయన్ని నాకంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు.

"రాసింది మా అన్నయ్యే" అన్నాను.

"మీ అన్నయ్య ఎవరో నాకు తెలీదు. మా మాస్టారు మాత్రం అలాంటివాడు కాదు" అన్నారు.

ఏం చెప్పను? నిన్ను అంత బాగా ఎరిగిన మనిషి అబద్ధమని తేల్చేశారు. మళ్ళీ సుద్దముక్క తీశారు. నేను అడ్డం నిలబడ్డాను, వారం రోజులుగా అలాగే నిలబడుతున్నాను. నిన్న నన్ను పక్కకి నెట్టారు. ఇరవై రెండేళ్ళలో నా మీద చెయ్యెత్తని మనిషి. పిల్ల వచ్చి, "అమ్మా, గొడవ వద్దు, నేను నిలబడతాను" అని తనే చేతులు వెనక్కి పెట్టుకుంది.

డాక్టరమ్మ పిల్లని చూసింది. ఇప్పటికి పరవాలేదట. ఇప్పటికి.

ఉత్తరాలతో అయ్యే పని కాదిది. ఎప్పుడూ ముఖం చాటేసే మనిషివి, ఈ ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడు.

నీ చెల్లెలు

&nbsp;

మేడమీద గది,
మే 12

చెల్లాయ్,

మొన్న నువ్వు షాపు నుంచి వచ్చేసరికి వలయం చెరిపేసి ఉండుంటుంది, ఇంట్లో కుట్టుమిషను మీద నల్ల నోటుబుక్కు ఉండుంటుంది. వచ్చింది నేనే. నువ్వు వచ్చేదాకా ఉండలేకపోయాను. ముఖం చాటేశావంటావు. అవును. వాడి ముందు నిలబడ్డాను, నీ ముందు నిలబడే బలం ఆ రోజుకి మిగల్లేదు. నోటుబుక్కు డాక్టరమ్మకి ఇవ్వు. ఆవిడ్ని నా ఉత్తరంలో అన్న మాటకి నా తరఫున క్షమాపణ చెప్పు.

మధ్యాహ్నం రెండున్నరకి తలుపు కొట్టాను. వాడే తీశాడు. నన్ను చూడగానే "మాస్టారూ!" అన్నాడు. ఒక్క క్షణం ఆగలేదు. నీ షాపు మర్చిపోయాడు, కూతుర్ని మర్చిపోతున్నాడు, నన్ను మాత్రం మర్చిపోలేదు. ఏం పాపం చేసుకుందో ఆ జ్ఞాపకం.

నేరుగానే మొదలుపెట్టాను. "ఒరేయ్, నేను నిన్ను పాడుచేశాను" అన్నాను. వాడు నవ్వాడు. "నాకేమైంది మాస్టారూ, నన్ను ఎవడు కొట్టాడని? చూడండి" అని ముఖం వెలుతురుకి తిప్పి చూపించాడు. నిజమే. ఒక్క మచ్చ లేదు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ముఖం తిప్పి చూపించాడు. మాట దగ్గరికి రాగానే పిడికిలి వెడల్పు తప్పుకుంటున్నాడు. నేర్పింది నేనే.

అప్పుడు నోటుబుక్కు తెరిచి, ఎవరిదని చెప్పకుండా చదవడం మొదలుపెట్టాను. నలభై మూడు. నలభై ఒకటి. ముప్ఫై తొమ్మిది. మొదట పిల్లాడి మార్కులు వింటున్నట్టు వింటూ కూర్చున్నాడు. పదో పేజీకి వచ్చేసరికి ముందుకి వంగాడు. పడిపోయిన సాయంత్రం చదివాను. నీళ్ళు కొట్టి మళ్ళీ నిలబెట్టాను అన్నది కూడా చదివాను.

"చాలు మాస్టారూ" అన్నాడు. "ఎవడా కుర్రాడు?"

"నా దగ్గర నేర్చుకున్నవాడు" అన్నాను.

"చేతులు కట్టేసి నలుగురు కొట్టారా? ఎవరూ ఆపలేదా? మీరున్నారు కదా అక్కడ?"

"ఉన్నాను. తగ్గుతున్నాయి కదా అనుకున్నాను."

 లేచి లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చాడు. నేల మీద కూర్చుని సుద్ద గీత మొత్తం తుడిచాడు. మూలల్లో ఉండిపోయిన పొడి కూడా వేలితో తీశాడు. "మన పిల్లకిది వద్దు మాస్టారూ. ఆ కుర్రాడి సంగతి విన్నాక నా చెయ్యి లేవదు" అన్నాడు.

రేపటికి మర్చిపోతాడని నాకు తెలుసు. అందుకే కాగితం ఇచ్చి, ఆ మాట వాడి చేత్తోనే రాయించాను. నా రాత నమ్మడు కానీ తన రాత నమ్ముతాడు కదా. "పిల్ల చేతులు కట్టకూడదు. ముఖానికి కొట్టకూడదు. నేను ఆలోచించే రాశాను." కింద సంతకం పెట్టాడు. నా పదకొండు సూత్రాలు చించి, ఆ స్థానంలో అతికించాం. తాడు అలాగే ఉంచాను. సాయంత్రాలు పిల్లని దాని కింద నడవమను, వాడు పక్కన నిలబడి మోకాళ్ళు చూస్తాడు. ఆ గంట వాడికి పోకూడదు. పిల్లకి కూడా. అది నన్నొక ప్రశ్న అడిగింది, నా దగ్గర జవాబు లేదని చెప్పు. ఉంటే సూత్రాల్లోనే రాసేవాణ్ణి.

గోడ మీద కాగితం కూడా పనిచెయ్యకపోతే నాకు రాయి. వచ్చి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతాను. ఎన్నిసార్లు మర్చిపోతే అన్నిసార్లు. వాడికి ప్రతిసారీ కొత్తే. నాకు మాత్రం కాదు, కాకూడదు కూడా.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు. ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నాడు.

"ఆ కుర్రాడు ఇప్పుడున్నాడా మాస్టారూ?"

"ఉన్నాడు."

"వెళ్ళి చూశారా? ఒక్కసారైనా?"

"ఇవాళే చూశాను."

వాడు ముఖం ఎలా పెట్టాడో రాయడం నాకు చేతకాదు. భయపడుతున్నట్టు అడిగాడు, నా బదులు తను భయపడుతున్నట్టు.

"ఏమన్నాడు మిమ్మల్ని?"

"కూర్చోమన్నాడు. మంచినీళ్ళిచ్చాడు" అన్నాను.

"మంచివాడు మాస్టారూ" అన్నాడు. "మళ్ళీ వెళ్ళండి."

అన్నయ్య